కెరమెరి ఘాట్‌లో ఇద్దరు హీరోలు!

సినిమాలో కారు ఘాట్ రోడ్డెక్కిందంటే చాలు, మన గుండె దడదడలాడుతుంది. విలన్ మనిషి ముందురోజు రాత్రే కారు కింద దూరి బ్రేకు గొట్టం కోసేసి ఉంటాడు! అలాంటి సీనుకు అచ్చంగా సరిపోయే దారి మన రాష్ట్రంలోనే ఉంది. చూడాలంటే జైనూర్ రండి.

ఆసిఫాబాద్ నుంచి ఉట్నూరు వైపు వస్తుంటే కెరమెరి దాటాక ఘాట్ మొదలవుతుంది. ఒకపక్క కొండ, ఇంకోపక్క లోయ, మధ్యలో వంపు మీద వంపు. ఎక్కి ఇంకాస్త పోతే జైనూర్. 'ఆర్.ఆర్.ఆర్.' (2022)లో జూనియర్ ఎన్టీఆర్ పాత్రకు పేరిచ్చిన కొమురం భీం 1940లో నేలకొరిగిన జోడేఘాట్ ఈ కొండల్లోనే ఉంది. 1940లలో హైమెండార్ఫ్ దంపతులు గోండుల మధ్య కాపురమున్న మార్లవాయి కూడా జైనూర్ మండలంలోదే.

సరే, ఈ దారిలోకి ఇద్దరు హీరోలను దించుదాం. పాత హీరో అంబాసిడర్. 1950ల చివర్లో రంగప్రవేశం చేసి 2014లో రిటైరైంది. కొత్త హీరో 2024 మోడల్ మారుతీ స్విఫ్ట్.

ముందు ఎక్కుడు చూద్దాం. పాత పెట్రోలు అంబాసిడర్ ఇంజను 1489 సీసీ, బలం సుమారు 50 హార్స్‌పవర్, బరువు వెయ్యి కిలోల పైమాటే. స్విఫ్ట్ ఇంజను 1197 సీసీయే గానీ బలం 80 పైచిలుకు, బరువేమో వెయ్యి లోపు. ఇంకేముంది! అంబాసిడర్ రెండో గేరులో గుర్రుమంటూ, రేడియేటర్‌లో నీళ్లు మరిగించుకుంటూ ఎక్కుతుంటే, స్విఫ్ట్ ఏసీ వేసుకుని మరీ దాటిపోతుంది.

అలాగని ముసలాయన్ని తీసిపారెయ్యకండి. గతుకుల్లో ఆ కమాను పట్టీల బండి మొండితనమే వేరు. కార్బురేటర్‌లో చెత్త అడ్డుపడితే ఓ స్పానరున్న మెకానిక్ చెట్టు కిందే విప్పి, ఊది, బిగించేస్తాడు. కొత్త కారు ఇంజన్ని నడిపేది కంప్యూటరు. అది అలిగిందంటే స్పానరుతో పని కాదు, స్కానరు కావాలి.

అసలు క్లైమాక్స్ దిగుడులో ఉంది! పాత మోడల్ అంబాసిడర్లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. వాలులో అదేపనిగా తొక్కితే డ్రమ్ములు కాగిపోయి పట్టు జారుతుంది. గొట్టం కొయ్యడానికి విలన్ అక్కర్లేదన్నమాట! స్విఫ్ట్‌కు ముందు చక్రాలకు డిస్కులు, వేడి త్వరగా వదిలిపోతుంది. గట్టిగా తొక్కినా చక్రం బిగుసుకుని జారకుండా ఏబీఎస్ ఉంటుంది. అయితే పాత డ్రైవర్ల సూత్రం ఇద్దరికీ ఒకటే: ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు.

పర్ఫార్మెన్స్ అంటే మనకు రేసు, ఫోజు. ఇక్కడ అలా కాదు. రాత్రివేళ నొప్పులొచ్చిన ఆడమనిషిని ఉట్నూరుకో ఆదిలాబాద్‌కో చేర్చాలంటే ప్రతి నిమిషానికీ విలువుంది. అప్పుడు కావలసింది ఆగమంటే ఆగే బండి, పొమ్మంటే పోయే బండి. వానాకాలంలో వాగు పొంగి గూడెం దారి మునిగిందంటే మాత్రం 50 గుర్రాలూ ఒకటే, 80 గుర్రాలూ ఒకటే. అక్కడ హీరో కారు కాదు, వంతెన!

అందుకే నా తీర్పు ఇది. ఫోటోకు అంబాసిడర్ పక్కన నిలబడండి. ఘాట్ దిగేటప్పుడు మాత్రం స్విఫ్ట్‌లో కూచోండి. ఏమంటారు?