బో, బౌ

పోయిన నెల ఇంగ్లీషు పిరియడ్‌లో టీచరు నన్ను లేచి పాఠం చదవమన్నారు. ఒకచోట బి, ఓ, డబుల్యూ, ఇ, డి అని ఉంది. నేను "బోడ్" అని చదివాను. క్లాసంతా "బోడి, బోడి" అని నవ్వారు. దాన్ని "బౌడ్" అని చదవాలంట. వంగి దండం పెట్టాడు అని అర్థమంట. నాకు ఏడుపొచ్చింది. బి, ఓ, డబుల్యూ అంటే బో, బో అంటే విల్లు అని ఆరో తరగతిలోనే నేర్చుకున్నాను కదా!

టీచరు నన్ను తిట్టలేదు. లైబ్రరీలో పెద్ద డిక్షనరీ తీసి చూడమన్నారు. ఇద్దరం కూర్చుని చూశాం. బో అంటే విల్లు. జడకి రిబ్బనుతో పువ్వులాగా వేసే ముడి కూడా బోనే. ఫిడేలు వాయించే కర్ర కూడా బోనే, పూర్వం అది విల్లులాగా వంగి ఉండేదంట. బౌ అంటే తల వంచి, నడుం వంచి దండం పెట్టడం. ఓడ ముందు భాగాన్ని కూడా బౌ అంటారు. కానీ అది వేరే మాట. ఉత్తర ఐరోపా ఓడవాళ్ల నుంచి వచ్చింది. వాళ్ల భాషలో దానికి భుజం అని అర్థం.

వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో విల్లుని "బోగా" అనేవాళ్లు, వంగడాన్ని "బూగన్" అనేవాళ్లు. రాను రాను ఆ మాటలు అరిగిపోయి స్పెల్లింగ్ ఒకటే అయిపోయింది. పలకడం మాత్రం వేరుగానే ఉండిపోయింది. ఇంకా వెనక్కి పోతే రెండింటికీ వేరు ఒకటే, వంగడం. మోచేతిని ఎల్బో అనేది అక్కడ చెయ్యి వంగుతుంది కాబట్టే. రెయిన్‌బో అంటే వాన విల్లు. మనం కూడా హరివిల్లు అంటాం కదా!

ఫ్రెండ్స్, ఈ మాట వస్తే ముందు వెనక చూసి చదవండి. బాణం ఉంటే బో, దండం ఉంటే బౌ.

ఇదంతా తెలిశాక నాకు మా తాత గుర్తొచ్చాడు. మేం కోయవాళ్లం. భూమి పండగకి మగవాళ్లు విల్లంబులు పట్టుకుని అడవికి పోతారు. తాత విల్లు వెదురుది, నారి కూడా వెదురు బద్దే. దాన్ని వంచి నారి ఎక్కించడం నా వల్ల కాదు. తాత మోకాలు ఆనించి ఒక్కసారికే ఎక్కిస్తాడు. అదే తాత సంతలో చింతపండు కొనే షావుకారు ముందు వంగి వంగి దండం పెడతాడు. తూకం తక్కువ వచ్చినా అడగడు. తాతకి కాటా మీద అంకెలు తెలీవు. మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదట. "ఎందుకు తాతా అంత వంగుతావు?" అని అడిగితే "గట్టిగా అడిగితే మళ్లీ వారం కొనడమ్మా" అన్నాడు.

పండగనాడు తాత నేలకి కూడా వంగి మొక్కుతాడు. అది భయంతో కాదు. ఇంగ్లీషులో రెండింటికీ బౌ అనే రాయాలి.

వేసవి సెలవుల్లో తాతతో నేను కూడా సంతకి పోతాను. కాటా మీద అంకె అందరికీ వినపడేటట్టు చదువుతాను. తప్పు చదివితే నవ్వుతారేమో. నవ్వితే నవ్వనీ, మళ్లీ చూసి చదువుతాను.

- 9వ తరగతి విద్యార్థిని