టీ కొట్టు నుంచి ఇరవై ఆరు దేశాలకు!

రోజుకు మూడొందలు పక్కన పెట్టాలి. చాలకపోతే అప్పు చేయాలి. విమానమెక్కాలి. తిరిగొచ్చి, టీ అమ్మి ఆ అప్పు తీర్చాలి. తీరగానే మళ్లీ ప్రయాణం! కొచ్చిలో చిన్న టీ కొట్టు నడిపిన విజయన్, మోహన దంపతులు ప్రపంచాన్ని చూసింది ఇలాగే.

కొచ్చి నగరంలోని గాంధీనగర్. అక్కడో చిన్న కొట్టు. పేరు శ్రీ బాలాజీ కాఫీ హౌస్. ఏడుకొండలవాడి పేరు వినగానే మన తెలుగువాళ్లకు ఎక్కడలేని ఆత్మీయత కలుగుతుంది. లోపలికి తొంగిచూస్తే మాత్రం ఆశ్చర్యమే. గోడల నిండా విదేశీ యాత్రల ఫొటోలు. టీ తాగడానికి వచ్చినవాళ్లు వాటిని చూసి 'ఎవరివండీ ఇవి?' అని అడిగితే, గ్లాసు చేతికిచ్చిన ఆ పెద్దాయన, ఆయన పక్కనున్న ఇల్లాలే ఆ ఫొటోల్లోని మనుషులు!

కె.ఆర్. విజయన్‌కు తిరగడమంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం. తండ్రి ఆయన్ని గుళ్లూ గోపురాలకు వెంట తీసుకెళ్లేవారు. అలా అంటుకున్న సరదా పెద్దయ్యాక కూడా వదల్లేదు. కానీ 1963 నుంచి ఆయనకు తెలిసిన జీవనాధారం టీ అమ్మడం ఒక్కటే. ఆస్తిపాస్తులు లేవు. ఇద్దరు కూతుళ్ల బాధ్యత ఉంది. ఇలాంటి ఇంట్లో ఎవరైనా 'విదేశాలకు వెళ్దాం' అంటే ఇల్లాలు ఏమంటుంది? ముందు ఇల్లు సంగతి చూడమంటుంది. మోహన మాత్రం భర్తతో పాటు పెట్టె సర్దుకున్నారు. ఆయన కల కాస్తా ఇద్దరి కల అయింది.

మూడొందల లెక్క

వీళ్ల పద్ధతి చాలా సులువుగా అనిపిస్తుంది. ఆచరించడమే కష్టం. కొట్టు మీద వచ్చిన దాంట్లోంచి రోజుకు రూ.300 యాత్ర కోసం దాచేవారు. అంటే నెలకు తొమ్మిది వేలు. ఒక్కరోజు కూడా తప్పకుండా దాస్తే ఏడాదికి లక్షా తొమ్మిది వేల అయిదొందలు. ఇద్దరు ఖండాలు దాటి వెళ్లిరావాలంటే అది ఏ మూలకు? అందుకే మిగిలింది బ్యాంకులో అప్పు తీసుకునేవారు. యాత్ర ముగిశాక రెండు మూడేళ్ల పాటు ఆ అప్పు తీర్చడమే పని. దుబారా అన్న మాటే లేదు. జీతం డబ్బులు మిగులుతాయని కొట్లో పనివాళ్లను కూడా పెట్టుకోలేదు. టీ కాయడం, టిఫిన్లు వండడం, గ్లాసులు కడగడం... అన్నీ ఆలుమగలే!

అప్పు చేసి పప్పుకూడు తినొద్దని మన పెద్దలు చెబుతారు. ఆ మాటకొస్తే వీళ్లు చేసింది అదే కదా అనిపించవచ్చు. కానీ చిన్న తేడా ఉంది. పాత బాకీ తీరాకే కొత్త ప్రయాణం గురించి ఆలోచించేవారు. మరొకరి మీద భారం వేయలేదు. నగలూ కార్ల కోసం చేసే అప్పును ఎవరూ తప్పుపట్టరు. లోకం చూడ్డానికి చేస్తే మాత్రం పిచ్చి అంటారు. ఆ మాటలను వీళ్లు పట్టించుకోలేదు.

ఇజ్రాయెల్‌తో మొదలు

తొలి విదేశీ యాత్ర 2007లో, ఇజ్రాయెల్‌కు. అప్పటికే నడివయసు దాటిపోయింది. మన దగ్గర ఆ వయసులో చాలామంది మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకుంటుంటారు. వీళ్లకు అసలు ప్రయాణం అప్పుడే మొదలైంది. ఆ తర్వాత సింగపూర్, స్విట్జర్లాండ్, అమెరికా... అక్కడితోనూ ఆగలేదు. భూగోళానికి దాదాపు అవతలి వైపునున్న బ్రెజిల్, అర్జెంటీనా, పెరూ దాకా వెళ్లొచ్చారు. ఏడాది పొడవునా ఉక్కపోసే అరేబియా తీరంలో పుట్టి పెరిగినవాళ్లు, ఆల్ప్స్ మంచుకొండల దేశంలో చేతిలో చెయ్యేసుకుని తిరిగారంటే... ఆ ఆనందానికి వెల కట్టగలమా?

వీళ్ల కథతో హరి ఎం. మోహనన్ తీసిన 'ఇన్‌విజిబుల్ వింగ్స్' అనే లఘు డాక్యుమెంటరీ వచ్చింది. ఫిల్మ్‌ఫేర్ పురస్కారం కూడా అందుకుంది. దాంతో కొచ్చి టీ కొట్టు కథ దేశమంతా తెలిసింది. 2019 జనవరిలో పారిశ్రామికవేత్త ఆనంద్ మహీంద్రా వీళ్ల గురించి ట్వీట్ చేశారు. కుబేరుల జాబితాలో పేర్లు లేకపోయినా ఈ దంపతులు దేశంలోని అసలైన సంపన్నులన్నది ఆయన మాటల సారాంశం. అప్పటికి వాళ్లు చూసినవి 23 దేశాలు. అదే ఏడాది చివర్లో ఆయన సాయంతో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్లొచ్చారు. లెక్క పాతికకు చేరింది.

చివరి మజిలీ

అంతలో కరోనా వచ్చింది. విమానాలు ఆగిపోయాయి. కొట్టు బేరమూ పడిపోయింది. ఆ వయసులో ఇద్దరూ ఇక చాలనుకుంటే ఎవరూ కాదనరు. కానీ ప్రయాణాలు మళ్లీ మొదలవగానే 2021 అక్టోబరులో రష్యాకు బయలుదేరారు. కేరళ పర్యాటక మంత్రి మహమ్మద్ రియాస్ స్వయంగా కొట్టుకు వచ్చి, టీ తాగి, వాళ్లతో ముచ్చటించి వెళ్లారు. మాస్కోలో చలికోట్లు వేసుకుని తిరిగి, ఆ నెలాఖరుకు ఇల్లు చేరారు. అది 26వ దేశం.

నెల తిరగలేదు. 2021 నవంబరు 19న గుండెపోటుతో విజయన్ కన్నుమూశారు.

రష్యా యాత్రను వచ్చే ఏడాదికి వాయిదా వేసుకుని ఉంటే? కాస్త డబ్బు చేరాక, అప్పు లేకుండా వెళ్దామని అనుకుని ఉంటే? ఆ ఫొటోలు ఉండేవి కావు. పిల్లల చదువులయ్యాక, పెళ్లిళ్లయ్యాక, రిటైరయ్యాక అంటూ చాలా ఇళ్లలో ప్రయాణాలు వాయిదా పడుతూనే ఉంటాయి. అన్నీ అయ్యేసరికి పక్కన ఉండాల్సిన మనిషి ఉండకపోవచ్చు. మోహనకు ఆ లోటు ఎటూ తీరేది కాదు. కానీ ఎప్పుడో వెళ్లాల్సిందన్న బాధ మాత్రం ఆ ఇద్దరూ మిగుల్చుకోలేదు.

అందరూ అప్పు చేసి అమెరికా వెళ్లనక్కర్లేదు. మన ఇళ్లలో అమ్మానాన్నలు ఎప్పటి నుంచో చూడాలనుకుంటున్న ఊరు ఒకటి ఉండే ఉంటుంది. అది కాశీ కావచ్చు, కన్యాకుమారి కావచ్చు. అదేమిటో ఈ ఆదివారం ఓసారి అడిగి చూడండి. ఓ డబ్బా తెచ్చి, అందులో మొదటి నోటు వేయండి.