కిటికీ మూయకుండా హోమ్ థియేటర్

హిందూపురంలో మా ముందు గదిని హోమ్ థియేటర్ చేద్దామనుకున్నప్పటి నుంచి ఇంట్లో రోజూ పంచాయితీనే. మావాడికి 120 అంగుళాల తెర కావాలి. గది పొడవేమో 12 అడుగులు. త్రో రేషియో 1.2 ఉన్న ప్రొజెక్టర్‌ను అంత తెరకు పదిన్నర అడుగుల దూరంలో పెట్టాలి. అంటే వెనక గోడకు ఆనుకుంటుంది. 100 అంగుళాలకైతే 9 అడుగుల లోపే చాలు. అదే ఖాయం చేశాం.

పెనుకొండలో మా ఆడబిడ్డ వాళ్లు గోడమీదే వేసుకుంటారు. గోడ గరుకంతా హీరో మొహం మీద కనిపిస్తుంది. అందుకే మెరుపు లేని తెల్ల తెర తీసుకుందామన్నాను.

అసలు చిక్కు కిటికీతో వచ్చింది. ప్రొజెక్టర్ నలుపును వేయలేదు, వెలుగు పడని చోటే మనకు నలుపు. బయటి వెలుతురు పడితే రాత్రి సీన్లన్నీ బూడిద రంగే. "కిటికీ ఇటుకలతో మూసేద్దాం" అన్నారు మా ఆయన. మోకాళ్ల నొప్పులతో గడప దాటలేని మా అత్తమ్మ పగలంతా కూర్చునేది ఆ కిటికీ దగ్గరే.

అత్తమ్మది ధర్మవరం దగ్గర పల్లె. పద్మశ్రీ దళవాయి చలపతిరావు గారి ఊరు నిమ్మలకుంట తోలుబొమ్మలాటలు చూస్తూ పెరిగిన మనిషి. "ఆటకని ఎవరూ కిటికీలు మూయలేదప్పా. పొద్దు గుంకినాకే కదా తెర కట్టేది" అనింది.

అంతే, ఇటుకల మాట పోయింది. మందపాటి పరదా కుట్టించాం. పగలు కిటికీ అత్తమ్మది, రాత్రి తెర అందరిదీ.

మీరూ తెర కొనే ముందు, ఆ గదిలో పగలు ఎవరు కూర్చుంటారో ఒకసారి చూసుకోండి.