దీపాలు ఆర్పిన రాత్రి

మరునాడు తాండూరులో బంధువుల వలీమా. ఇషా నమాజు ముగించుకొని హైదరాబాదు నుంచి బయలుదేరాము. పిల్లల కోరిక మేరకు ఒక గుడారాన్నీ వెంట తీసుకున్నాము. వికారాబాదు దాటి, మూసీ నది పుట్టిన అనంతగిరి కొండల్లోకి చేరాక రోడ్డు పక్కన చదునైన చోటు కనిపించింది. కారును పొదల చాటుకు నడిపి దీపాలు ఆర్పివేశాము. చలిమంట కోసం పుల్లలు ఏరుతుండగా చిన్నవాడు అడిగాడు: "అబ్బా, ఇది తప్పు కాకపోతే లైట్లు ఎందుకు ఆర్పారు?"

మా ఇద్దరిలో ఎవరి దగ్గరా సమాధానం లేదు.

కాసేపటికి అటవీ ఉద్యోగి ఒకరు వచ్చారు. ఇది రిజర్వు అడవి అనీ, 1967 నాటి అటవీ చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఇందులో చొరబడటం, నిప్పు రాజేయడం నేరమనీ మర్యాదగానే చెప్పారు. రాత్రివేళ మజిలీ చేసేటప్పుడు దారికి ఎడంగా ఉండాలనీ, ఆ వేళ అది జంతువులూ విషపురుగులూ తిరిగే చోటనీ దైవప్రవక్త (స) బోధించారు. ఈ హదీసును పిల్లలకు నేర్పిన మేమే దానిని మరిచాము. మనుషుల కంటపడకపోతే చాలనుకున్నాము. అల్లాహ్ చూస్తున్నాడన్న స్పృహ ఆ క్షణాన మాకు లేకపోయింది.

గుడారం సర్దుకొని కొండ దిగాము. ధారూరు వైపు ఒక కళ్లంలో కందికుప్పకు కాపలా ఉన్న రైతును అనుమతి అడిగాము. "గింత దానికి అడుగుడెందుకు సాబ్, పండుకోండ్రి. బోరు కాడ నీళ్లున్నయ్" అన్నాడాయన.

మంట వేయలేదు. చలి బాగానే వేసింది. అయినా ఫజ్ర్ దాకా నిశ్చింతగా నిద్రపోయాము. అడిగితే దొరికేదానిని దొంగతనంగా ఎందుకు తీసుకోబోయామన్నదే ఇప్పటికీ మమ్మల్ని వేధిస్తున్న ప్రశ్న.