చీమకుర్తి రాయి... లుకలాం జనరల్

ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డులో ఇరవై కిలోమీటర్లు దాటితే చీమకుర్తి. పొలాల మధ్య మెట్లు మెట్లుగా లోతుకు దిగిపోయిన గ్రానైట్ గనులు. ఇక్కడి నల్లరాయిని నునుపు చేస్తే అమావాస్య ఆకాశంలో చుక్కల్లా బంగారు రజను మెరుస్తుంది. అందుకే దాన్ని బ్లాక్ గెలాక్సీ అంటారు. ఇంట్లో గచ్చుకైనా, పోయినవాళ్ల పేర్లు చెక్కే ఫలకానికైనా నల్లరాయికి సాటిలేదు.

అలా చెక్కదగిన పేరొకటి మన తీరంలోనే ఉంది. ఒంగోలులో జాతీయ రహదారి ఎక్కి ఉత్తరానికి సుమారు 600 కిలోమీటర్లు వెళ్తే శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట. ఆ మండలంలోదే లుకలాం. జనరల్ కోటికలపూడి వెంకట కృష్ణారావు 1923 జులై 16న పుట్టింది ఈ ఊళ్లోనే.

పందొమ్మిదేళ్లకే, 1942లో సైన్యంలో అధికారిగా చేరారు. రెండో ప్రపంచయుద్ధంలో బర్మా చూశారు. 1947-48లో కశ్మీర్ యుద్ధం. 1971లో ఆయన నడిపిన 8వ మౌంటెన్ డివిజన్‌కు సిల్హట్ బాధ్యత అప్పగించారు. డిసెంబరు 7న గూర్ఖా జవాన్లను హెలికాప్టర్లలో శత్రువు ముంగిట్లోనే దించారు. మన సైన్యానికి అలాంటి దాడి అదే మొదటిది. సిల్హట్ లొంగిపోయింది. పరమ విశిష్ట సేవా పతకం అందుకున్న ఆయన, 1981లో భారత సైన్యాధిపతి అయ్యారు.

అసలు విశేషం ఆ తర్వాతే. తుపాకీ పట్టి తిరిగిన దిక్కులకే గవర్నరుగా వెళ్లారు! 1984 నుంచి 1989 దాకా నాగాలాండ్, మణిపూర్, త్రిపుర. ఆపైన జమ్మూకశ్మీర్. 1990 జనవరిలో అక్కడ రాజీనామా చేశారు. ఉగ్రవాదం ముదిరిన 1993లో, డెబ్బైకి దగ్గరపడ్డ వయసులో, మళ్లీ అక్కడికే వెళ్లారు. 1995 గణతంత్ర దినాన జమ్మూలో ఆయన ప్రసంగిస్తుండగా బాంబులు పేలాయి. కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఆయన బతికి బయటపడ్డారు. అయినా వెనక్కి రాలేదు. 1987 తర్వాత ఆగిపోయిన అసెంబ్లీ ఎన్నికలు 1996లో ఆయన గవర్నరుగా ఉండగానే జరిగాయి. కుర్రాడిగా యుద్ధం చేసిన నేలమీద జనం ఓటేయడం పెద్దవాడయ్యాక చూశారు. 1998 దాకా అక్కడే ఉన్నారు.

2016 జనవరి 30న ఢిల్లీలో కన్నుమూశారు.

అరసవిల్లి, శ్రీకూర్మం చూడ్డానికి వెళ్తే నరసన్నపేట దాకా కూడా వెళ్లిరండి. దారిలో పిల్లలకు ఈ కథ చెప్పండి.