గురి తప్పినదెవరు?

మా విభాగంలోని ప్రతి కొలత పరికరం మీదా ఒక చిన్న చీటీ అంటించి ఉంటుంది. దానిని ఎప్పుడు సరిచూశారో, మళ్ళీ ఎప్పుడు సరిచూడాలో ఆ చీటీ చెబుతుంది. గడువు దాటిన మైక్రోమీటరును నేను ముట్టుకోను, మరొకరిని ముట్టుకోనివ్వను. ఇదేమి చాదస్తమని మిత్రులు పరిహాసమాడుతూ ఉంటారు. ఈ చాదస్తం నాకు పుట్టుకతో వచ్చినది కాదు. ఒక యువకునికి నేను చేసిన అన్యాయం నేర్పినది.

ఈ సంస్థలో చేరక పూర్వం నేను సైన్యంలో ఉండేవాడిని. 1998లో మా యూనిట్ రైఫిల్ జట్టుకు శిక్షణ ఇచ్చే బాధ్యత నాపై పడింది. ఆ జట్టులో శ్రీకాకుళం వైపు కుర్రవాడు ఒకడుండేవాడు. మితభాషి. 300 మీటర్ల దూరంలో అతని తూటాలన్నీ అరచేయంత చోటులో, లక్ష్యం మధ్యనే పడేవి. 600 మీటర్లకు వెళ్ళేసరికి మాత్రం అన్నీ జానెడుకు కొంచెం తక్కువగా క్రిందికి దిగేవి.

"రెండు మూడు క్లిక్కులు ఎక్కువ తిప్పమంటారా, ఉస్తాద్?" అని ఒకనాడు అడిగాడు.

"పట్టికలో ఉన్నది తప్పా? ముందు నీ చెయ్యి వణకకుండా చూసుకో" అని కసిరాను.

"వణకలేదు ఉస్తాద్" అన్నాడు నెమ్మదిగా. మరి మాట్లాడలేదు. పోటీలకు పది రోజుల ముందు అతనిని జట్టు నుండి తప్పించి, 'ట్రిగ్గరు నొక్కడంలో నిలకడ లేదు' అని నివేదిక వ్రాశాను.

అతని రైఫిల్‌ను మా జట్టులోకెల్లా నేర్పరియైన మరొకరికి ఇచ్చాను. అతని తూటాలు కూడా అదే ఎత్తున, అదే జానెడు క్రిందికి దిగాయి. ప్రక్కనే నిలబడి చూస్తున్న వృద్ధ సుబేదారుగారు, "మనిషిని మార్చావు సరే, తుపాకిని మార్చావా?" అన్నారు. అప్పుడుగాని నాకు తల తిరగలేదు. చెయ్యి వణికేవాడి తూటాలు చెదరుతాయి. ఆ కుర్రవాడివి చెదరలేదు, గుంపు గుంపుగా దిగాయి. కళ్ళెదుట ఉన్న సాక్ష్యాన్ని నేను చదవలేకపోయాను.

మందుగుండు బలహీనంగా ఉన్నా దూరాన తూటా క్రిందికి దిగుతుంది. అందుచేత స్కోపును విడిగా పరీక్షించాలని నిశ్చయించాము. దాని మీటకు ఒక్కొక్క క్లిక్కు పావు కోణనిమిషం. డిగ్రీలో అరవయ్యవ వంతు ఒక నిమిషం. 100 మీటర్ల దూరాన ఒక నిమిషం 29.1 మిల్లీమీటర్లవుతుంది. కనుక 30 నిమిషాలు, అనగా 120 క్లిక్కులు, పైకి తిప్పితే గురి 873 మిల్లీమీటర్లు జరగాలి.

మొదట మా దూరాన్నే అనుమానించాము. పాత రేంజిలలో గుర్తులు గజాలలో ఉండటం కద్దు. 100 గజాలంటే 91.44 మీటర్లే. ఆ తేడా తెలియకపోతే పరీక్షే తప్పవుతుంది. స్టీలు టేపుతో 100 మీటర్లు కొలిచాము. నిలువెత్తు కాగితం మీద, దారానికి ఇనుపగుండు కట్టి వ్రేలాడదీసి, నిలువు గీత గీశాము. గీత అడుగున ఒక చుక్క పెట్టాము. స్కోపులోని నిలువు గీత దీనితో ఏకమయ్యేటట్లు రైఫిల్‌ను ఆనించి, చుక్కను గురిచూసి ఐదు తూటాలు కాల్చాము. తరువాత 120 క్లిక్కులు తిప్పి, మళ్ళీ అదే చుక్కను గురిచూసి మరో ఐదు కాల్చాము. రెండు గుంపుల మధ్యస్థానాల నడుమ దూరం కొలిస్తే 829 మిల్లీమీటర్లే వచ్చింది!

వెంటనే నమ్మలేదు. మీటను మొదటి స్థానానికి తెచ్చి కాల్చితే తూటాలు మొదటి గుంపులోనే పడ్డాయి. అంటే మీట వదులుగా లేదు. మరి రెండు పర్యాయాలు ప్రయత్నించినా ఇంచుమించు అదే కొలత. తూటాలు గీత వెంబడే ఉన్నందున స్కోపు వాలిందన్న శంక కూడా తీరింది. మూడు డిగ్రీలు వాలి ఉంటే పై గుంపు 46 మిల్లీమీటర్లు ప్రక్కకు పోయేదే తప్ప, ఎత్తు ఇంతగా తగ్గదు. చివరకు రైఫిల్‌ను వైసులో బిగించి, తూటా కాల్చకుండానే, దూరాన నిలిపిన కొలబద్దపై స్కోపు గీత ఎంత జరిగిందో చదివాము. కాల్చేవాని చేతికి అందులో పాత్రే లేదు. అదీ అదే మాట చెప్పింది. మీట నూరు చెప్పి తొంభై అయిదే ఇస్తోంది.

ఇక లెక్క సులువు. మా పట్టిక ప్రకారం 100 మీటర్ల గురి నుండి 600 మీటర్లకు 17 నిమిషాలు, అంటే 68 క్లిక్కులు తిప్పాలి. ఈ స్కోపు నిజానికి ఇస్తున్నది దాదాపు 16.1 నిమిషాలు. అంత దూరాన ఆ లోటు 15 సెంటీమీటర్లవుతుంది. 300 మీటర్లకు కావలసినది 5 నిమిషాలే గనుక లోటు దాదాపు రెండు సెంటీమీటర్లే అయి, గుంపులో కలిసిపోయి కనిపించలేదు. చిన్న దూరం దాచిన తప్పును పెద్ద దూరం బయటపెట్టింది. 873ను 829తో భాగిస్తే 1.053. ఆ గుణకంతో 68 క్లిక్కులు 72 అవుతాయి. 72 తిప్పి కాల్చగా తూటాలు లక్ష్యం మధ్యలో పడ్డాయి. ఆ కుర్రవాడు అడిగినది రెండు మూడు క్లిక్కులు. కావలసినవి నాలుగు.

అప్పటికి పోటీలు ముగిశాయి. అతనికి వేరొక చోటికి బదిలీ కూడా అయింది. నా నివేదిక తప్పని, దోషం స్కోపుదని పై అధికారికి వ్రాసి ఇచ్చాను. అతనికీ ఒక ఉత్తరం వ్రాశాను. నెల తరువాత జవాబు వచ్చింది. "ఉస్తాద్, నా చెయ్యి వణుకుతోందేమోనని నేను కూడా నమ్మడం మొదలుపెట్టాను. మీ ఉత్తరం మా అమ్మకు చదివి వినిపించాను" అని మాత్రమే ఉంది అందులో. ఆ కాగితం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

ప్రతి పొరపాటుకూ పరికరాన్నే నిందించమని నా భావం కాదు. అదే పరీక్షలో కొలత 873 వచ్చి ఉంటే, తప్పు మనిషిదని ఒప్పుకోవలసి వచ్చేది. పరీక్ష ఎవరి పక్షమూ వహించదు. అందుకే మా విభాగంలో కొత్తగా చేరిన శిక్షణార్థి కొలత తేడాగా చూపినప్పుడు, అతని ముఖం వంక చూడకముందు నా చూపు పరికరం మీది చీటీ వంకకు పోతుంది.