ఆటలో అంగడి

మా ముత్తాత అనంతపురం వైపు నుండి బెంగుళూరు పేటకు వచ్చి బట్టల కొట్టు పెట్టుకున్నాడు. ఆ కొట్టు మా తాత కాలంలోనే మూతబడింది. మాకు మిగిలినవి ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, మా తాత చెబుతుండిన వ్యాపారపు మాటలు రెండు మూడు. "గుడ్డ కోసి చేతికిచ్చి డబ్బు పుచ్చుకున్నాక దానిమీద మనకు హక్కు లేదురా" అన్నది వాటిలో ఒకటి. నలభై ఆరో యేట ఒక వీడియో గేము మూలాన ఆ మాట నాకు మళ్లీ గుర్తుకు వచ్చింది.

సంగతేమంటే, లెక్కల్లో ఎనభై దాటితే అడిగింది కొనిపెడతానని మా పెద్దవాడికి మాట ఇచ్చాను. ఇలాంటి మాటలు తండ్రులందరూ డెబ్బై దాటదన్న ధైర్యంతోనే ఇస్తారు. వాడికి ఎనభై నాలుగు వచ్చాయి. ఆట ఆడే పెట్టె మా బావమరిది కొడుకు వాడి వదిలేసినది, దానికి ఖర్చు లేదు. అందులో ఆడే కారు పందేల ఆటకు మాత్రం మూడు వేల తొమ్మిది వందలు! పండుగ అడ్వాన్సులోంచి తీసి ఇచ్చాను. మా ఆవిడ కొత్త కుక్కరు మరుసటి పండుగకు వాయిదా పడింది.

నెల తిరిగాక ఒక ఆదివారం వాడి పక్కన కూర్చున్నాను. కార్లన్నీ గీత మీద నిలబడ్డాయి. ఇంతలో తెర నిండా ఒక కూల్‌డ్రింకు సీసా! ఛానెల్ మారిందేమోనని నేను రిమోటు వెతుకుతున్నాను.

"యాడ్ నాన్నా, అయిపోయేదాకా ఆగాలి" అన్నాడు వాడు.

"దాటించరా."

"దాటదు."

"కొన్నప్పుడు ఇది లేదే?"

"లేదు. పోయిన వారం అప్‌డేట్ వచ్చింది, అప్పట్నుంచి వస్తోంది."

"మరి నాకు చెప్పలేదేం?"

వాడు తెరమీంచి చూపు తిప్పకుండా, "అంత డబ్బు పెట్టి కొన్నావు కదా, బాధపడతావని" అన్నాడు.

సీసా పోయింది, కార్లు కదిలాయి. నేను లేచి వచ్చేశాను.

మా ఆవిడ నన్ను సమాధానపరచడానికి, "నా ఫోనులో మిఠాయిల ఆటలోనూ వస్తాయండీ, నేనేమన్నా ఏడుస్తున్నానా?" అంది. నిజమే. అయితే ఆవిడ ఆట ఉచితం. సత్రంలో భోంచేస్తూ ఉప్పు తక్కువైందనకూడదు. హోటల్లో ముందే బిల్లు కట్టించుకుని, పక్క కొట్టు గొప్పలు వినేదాకా సాంబారు వడ్డించమంటే మాత్రం ఊరుకుంటామా? పోనీ, పందెం దారి పక్కన బోర్డులు పెట్టుకోనీండి. చిన్నస్వామి స్టేడియంలో మాత్రం లేవా? బోర్డు కోసం అక్కడ ఎవరూ బౌలరును ఆపరు కదా.

ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదని ఆఫీసులో కుర్రవాళ్లు చెప్పారు. 2020 ఆగస్టులో ఈ.ఏ. స్పోర్ట్స్ వారి యు.ఎఫ్.సి. 4 అనే కుస్తీల ఆట విడుదలైందట. కొనేవాళ్లు కొన్నారు, సమీక్షలు వ్రాసేవాళ్లు వ్రాశారు. సెప్టెంబరులో, పోటీ మధ్య దెబ్బల్ని మళ్లీ చూపించే చోట, 'ది బాయ్స్' అనే సీరియలు ప్రకటన తెరనిండా ప్రత్యక్షమైంది. జనం గగ్గోలు పెడితే కంపెనీ క్షమాపణ చెప్పి తీసేసింది. మరుసటి నెల ఎన్.బి.ఏ. 2కె21 అనే బాస్కెట్‌బాల్ ఆటలో, ఆట మొదలయ్యే ముందు దాటడానికి వీల్లేని ప్రకటన వచ్చింది. ఇకముందు సరిచేస్తామని వారూ చెప్పుకున్నారు. ఉన్న ప్రకటన కంటే, అమ్మాక వచ్చిన ప్రకటన అన్నదే నాకు మింగుడు పడలేదు. మా తాత అమ్మిన చీర మీద, నెల పోయాక ఇంటికి వచ్చి కొట్టు పేరు అచ్చు వేసి పోతే ఆ ఇల్లాలు ఏమనేది?

సినిమాల విషయంలో మన ఊళ్లోనే ఒకాయన ఊరుకోలేదు. 2023 డిసెంబరులో 4 గంటల 5 నిమిషాల ఆటకు టిక్కెట్టు కొంటే, ప్రకటనలన్నీ అయి సినిమా నాలుగున్నరకు మొదలైందని వినియోగదారుల కమిషనుకు వెళ్లాడు. 2025 ఫిబ్రవరిలో తీర్పు ఆయన పక్షాన వచ్చింది. తరువాత హైకోర్టు దానిమీద స్టే ఇచ్చిందనుకోండి. అయినా ఇరవై అయిదు నిమిషాలకు ఒక లెక్క ఉందని ఒక్కసారైనా కాగితం మీదికి ఎక్కింది.

నేను అంతదూరం పోలేదు. ముందుగా కళ్లజోడు పెట్టుకుని, ఆట మొదట్లో మావాడు చదవకుండా నొక్కిన ఒప్పందం ఒక సాయంత్రమంతా చదివాను. ఆఫీసులో సంతకం పెట్టేముందు మూడుసార్లు చదివే మనిషిని, నా ఇంట్లోనే ఇది దాటిపోయింది. మేము ఆటను కొనలేదట! వాడుకోవడానికి అనుమతి మాత్రం పొందామట. అందులో ఎప్పుడేది మార్చినా, ఏది చూపినా వారి ఇష్టమట. ఆ తరువాత కంపెనీకి మర్యాదగానే ఒక ఉత్తరం వ్రాశాను. అర నిమిషంలో జవాబు వచ్చింది, నా అభిప్రాయం వారికి అమూల్యమని. అంత త్వరగా జవాబొచ్చిన కాగితాన్ని ఎవరూ చదవలేదని గుమాస్తాకు ఒకరు చెప్పాలా?

మొన్న మావాడి పుట్టినరోజు. వద్దంటున్నా వాణ్ని వెంటబెట్టుకుని మళ్లీ ఆ అంగడికే వెళ్లాను. ఫుట్‌బాల్ ఆట ఒకటి చేతిలోకి తీసుకుని, ఇందులో ప్రకటనలు వస్తాయా అని కన్నడంలో అడిగాను. అంగడి కుర్రవాడు పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏమని చూశాడో! తరువాత నవ్వి, "ఈగంతూ ఇల్ల సార్" అన్నాడు.

ఇప్పటికైతే లేవట. మావాడు నా మొహంలోకి చూస్తున్నాడు.